వార్తల్లో పదం: మాస్టర్ సాకెట్
బ్రిటన్‌లో వీధి నుంచి వచ్చే టెలిఫోన్ తీగ ఇంట్లో ముగిసే గోడ పెట్టె ఇది. ఇల్లు సొంతమే, గోడా సొంతమే. పెట్టె మాత్రం సాధారణంగా ఫోన్ లైన్లను నిర్వహించే ఓపెన్‌రీచ్ సంస్థది. అందుకే దాన్ని పీకి కొత్తది బిగించుకోవడం ఇంటివారికి కుదరదు.

అయితే ఎన్‌టీఈ5 అనే రకం పెట్టెలో ఓ వెసులుబాటుంది. కింది పలకకున్న రెండు మరలు విప్పితే ఇంట్లోని ఎక్స్‌టెన్షన్ వైర్లు లైను నుంచి విడిపోతాయి. లోపలి టెస్ట్ సాకెట్‌లో పనిచేసే ఫోన్ పెట్టి వినాలి. డయల్ టోన్ వస్తే లోపం ఇంటి వైరింగ్‌లోనో, దానికి తగిలించిన పరికరాల్లోనో ఉన్నట్టే! రాకపోతే ఫోన్ సేవ ఇచ్చే కంపెనీకి ఫిర్యాదు చేయాల్సిందే. పలక వైపు వైర్లను ఇంటివారే మార్చుకోవచ్చు.

పాత ల్యాండ్‌లైన్ సేవను 2027 జనవరికల్లా ఆపేయాలన్నది లక్ష్యం. ఆపై ఫోన్‌ను చాలావరకు రూటర్‌కే తగిలించాలి. రాగి తీగపై బ్రాడ్‌బ్యాండ్ అందే ఇళ్లలో మాత్రం ఈ పెట్టె అవసరం ఉంటుంది.