మొన ఖరీదు, గొట్టం చవక

ఐదు రూపాయల బాల్ పెన్నును విప్పి ముక్కలన్నీ బల్ల మీద పరిస్తే ఆరేడు భాగాలు కనిపిస్తాయి. బయటి గొట్టం, మూత, వెనక బిరడా, లోపలి సన్న గొట్టం, అందులో ముద్దలాంటి సిరా, ఇత్తడి మొన, ఆ మొనలో ఒదిగి కూర్చున్న చిన్న గోళీ. బరువంతా దాదాపు గొట్టానిదీ మూతదీ. తయారీలో కష్టమంతా మొనదీ గోళీదీ. గొట్టాన్నీ మూతనూ ప్లాస్టిక్ కరిగించి అచ్చులో పోస్తే చాలు, గుట్టలుగుట్టలుగా రాలిపడతాయి. మొనను మాత్రం గడియారాలు చేసేవాళ్ళ పనితనంతో చెక్కాలి. అంటే ఈ వస్తువులో బరువు ఒకచోట ఉంది, విలువ మరోచోట ఉంది. చవక సరుకు వల్ల జరిగే వృథా గురించి మాట్లాడేటప్పుడు మనం మామూలుగా కొనేవాడి బద్ధకాన్నీ మోజునూ తప్పుపడతాం. బాల్ పెన్ను పుట్టిన దగ్గర్నుంచి దాని కథ చూస్తే, తప్పు ముందుగా ఈ బరువుకూ విలువకూ మధ్య ఎడంలో ఉందని తేలుతుంది. కొనేవాడి చేతికి వచ్చే ధరను మొన నిర్ణయిస్తుంది, ఊరి చెత్తకుప్పను గొట్టం పెంచుతుంది.

గోళీతో రాయాలన్న ఆలోచన కొత్తది కాదు. అమెరికాకు చెందిన జాన్ లౌడ్ 1888లోనే దానికి పేటెంటు తీసుకున్నాడు. గరుకు ఉపరితలాల మీద గుర్తులు పెట్టుకోవడానికి ఆ సాధనం పనికొచ్చింది, కాగితం మీద పనికిరాలేదు. అడ్డుపడింది గోళీ కాదు, సిరా. పలచగా ఉంటే కారిపోతుంది, చిక్కగా ఉంటే గోళీ పక్కనే గడ్డకడుతుంది. బుడాపెస్ట్‌లో పత్రికా రచయితగా ఉన్న లాస్లో బీరో, అచ్చు యంత్రంలో వాడే సిరా కాగితం మీద పడగానే ఆరిపోవడం గమనించాడు. ఆ సిరాను ఫౌంటెన్ పెన్నులో పోస్తే చిక్కదనం వల్ల పాళీ దాకా దిగదు. అందుకని పాళీనే తీసేసి తిరిగే గోళీ పెట్టాడు. సరైన సిరా తయారు చేయడంలో సోదరుడు గ్యోర్గీ తోడయ్యాడు. 1938లో పేటెంటు వచ్చింది. యూదులను వెంటాడుతున్న ఐరోపాను వదిలి అన్నదమ్ములు అర్జెంటీనా చేరారు, అక్కడ 1943లో మెరుగైన నమూనాకు మరో పేటెంటు పొందారు. బీరో పుట్టినరోజైన సెప్టెంబరు 29ని ఆ దేశం నేటికీ ఆవిష్కర్తల దినంగా జరుపుకుంటుంది.

పనిచేసే తీరు చూస్తే ఇంత పొదుపైన యంత్రం మరొకటి దొరకడం కష్టం. ఒక మిల్లీమీటరు, అంతకన్నా చిన్న గోళీ తన గూటిలో స్వేచ్ఛగా తిరుగుతుంది. గోళీకీ గూటి అంచుకూ మధ్య సందు మిల్లీమీటరులో వెయ్యో వంతులు కొన్ని మాత్రమే. చెయ్యి కదిలినప్పుడు గోళీ దొర్లుతుంది, లోపలి వైపు సిరా పూసుకుని బయటి వైపు కాగితానికి అంటిస్తుంది. చెయ్యి ఆగితే గోళీయే మూతలా నిలబడి సిరాను ఆపుతుంది. కుళాయీ బిరడా రెండూ అదే. అర గ్రాము కూడా లేని సిరాతో మామూలు పెన్ను రెండు కిలోమీటర్లకు పైగా గీత గీస్తుంది. పేజీకి పాతిక వరుసలు, వరుసకు అర మీటరు గీత అనుకుని మోటుగా లెక్కేస్తే నూట అరవై పేజీల రాత అది. మన గుండ్రటి అక్షరాలకు గీత కాస్త ఎక్కువే పడుతుంది, అయినా నూరు పేజీలకు తక్కువ కాదు. వనరుల వాడకం కోణంలో ఈ ఆవిష్కరణను తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఆ చిటికెడు సిరాను మోయడానికి దాని చుట్టూ దాదాపు ఆరు గ్రాముల సరుకు పుట్టి, సిరాతోపాటే చావవలసి రావడం దగ్గరే లెక్క తప్పింది.

మొదట్లో అలా చావలేదు. ఎత్తున ఎగిరే విమానాల్లో ఫౌంటెన్ పెన్నులు సిరా కక్కేవి కాబట్టి బ్రిటిష్ వైమానిక దళం యుద్ధకాలంలో 30 వేల బాల్ పెన్నులు తెప్పించుకుంది. బ్వేనస్ ఐరిస్‌లో ఈ పెన్నును చూసిన చికాగో వ్యాపారి మిల్టన్ రేనాల్డ్స్, పేటెంటుకు చిక్కని తన సొంత నమూనాను 1945 అక్టోబరు 29న న్యూయార్క్‌లోని గింబెల్స్ దుకాణంలో అమ్మకానికి పెట్టాడు. ధర 12.50 డాలర్లు. అప్పట్లో పేరు మోసిన పార్కర్ 51 ఫౌంటెన్ పెన్ను ధరా అంతే. తొలిరోజే పదివేల దాకా అమ్ముడయ్యాయి. ఆ తొలి పెన్నులు కారాయి, మధ్యలో ఆగాయి, చొక్కాలు పాడుచేశాయి. కంపెనీల పోటీలో ధర కొన్నేళ్ళలోనే డాలరు కిందికి జారింది. ఆ పతనంలో ఎక్కువ మంది దెబ్బతిన్నారు. నిలదొక్కుకున్నవాళ్ళు రెండు వేర్వేరు దారులు పట్టారు. ఇప్పుడు మన చేతిలో ఉన్నది ఆ రెండింటిలో ఒకటి మాత్రమే.

ఒక దారి మార్సెల్ బిక్‌ది. పారిస్ శివారు క్లిషీలో పెన్నుల విడిభాగాలు చేసే చిన్న కార్ఖానా ఆయనది. బీరో పేటెంటు హక్కులు కొని, స్విట్జర్లాండ్ గడియారాల పరిశ్రమలో వాడే యంత్రాలు తెప్పించి, 1950 డిసెంబరులో బిక్ క్రిస్టల్ విడుదల చేశాడు. పెన్సిల్‌లా ఆరు పలకల గొట్టం, లోపలి సిరా కనిపించే పారదర్శకత, రాస్తూ పోయినంతసేపూ తడబడని మొన. న్యూయార్క్ ఆధునిక కళా సంగ్రహాలయం దాన్ని తన శాశ్వత సేకరణలో చేర్చుకుంది, ఆ గౌరవానికి అది తగినదే. 2006 నాటికి పదివేల కోట్ల పెన్నులు అమ్మినట్టు కంపెనీ ప్రకటించింది. సిరా అయిపోతే మొత్తం పారేయడమే దాని పద్ధతి. రెండో దారి పార్కర్ కంపెనీది. 1954లో వచ్చిన జాటర్ పెన్నుకు లోహపు మూత, మీట నొక్కితే బయటికొచ్చే మొన, విప్పితే మార్చుకునే రీఫిల్ ఉన్నాయి. ఆ రీఫిల్ ఆకారం తర్వాత అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ 12757 ప్రమాణంలో జీ2 పేరుతో చేరింది. ఫలితంగా డెబ్బై ఏళ్ళ నాటి జాటర్‌లో నేడు వేరే కంపెనీ చేసిన రీఫిల్ కూడా ఇమిడిపోతుంది. గోళీ ఒకటే, సిరా ఒకటే, భౌతిక సూత్రాలూ ఒకటే. పారేయడమన్నది యంత్రం కోరిన షరతు కాదనడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

తెలుగునాట రాత సాధనాల కథలోనూ ఈ రెండు దారులూ ఉన్నాయి. రాజమండ్రిలో కె.వి. రత్నం 1932లో స్వదేశీ ఫౌంటెన్ పెన్నుల తయారీ మొదలుపెట్టారు. ఆయన పెన్ను విదేశీ పెన్నులకు మంచి బదులు అని 1935లో గాంధీజీ లేఖ రాశారు. గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు ఎబొనైట్. దాని కడ్డీని తరిణె పట్టి ఆ పెన్ను చేస్తారు. పాళీ అరిగితే పాళీ, నాలుక పాడైతే నాలుక మార్చుకోవచ్చు. తర్వాత వచ్చిన తెల్ల గొట్టం, నీలం మూత ఉన్న రేనాల్డ్స్ 045ను తెలుగు విద్యార్థులకు గుర్తుచేయనక్కర్లేదు. దాని మీద ‘ఫైన్ కార్బ్యూర్’ అని రాసి ఉండేది. కార్బ్యూర్ అంటే ఫ్రెంచిలో కార్బైడ్, మొనలోని టంగ్‌స్టన్ కార్బైడ్ గోళీని సూచించే మాట అది. ఆ పెన్నుకు రీఫిల్ విడిగా దొరికేది. ‘రీఫిల్ ఒకటివ్వండి’ అన్న మాట కిరాణా కొట్లలో కూడా వినిపించేది. ఆ మాట స్థానంలోకి ‘యూజ్ అండ్ త్రో’ వచ్చింది. పారేయడం వస్తువు పేరులోనే చేరిపోయింది. దీన్ని నేను చిన్న మార్పుగా చూడలేను.

రీఫిల్ ఎందుకు ఓడిపోయింది? జనం సోమరులయ్యారని కాదు, లెక్క చూసుకున్నారని. రీఫిల్ అంటే మొన, గోళీ, సిరా, అంటే పెన్నులోని విలువంతా. మొన ఎంత కష్టమో చైనా అనుభవం చెబుతుంది. ఏటా దాదాపు 3,800 కోట్ల పెన్నులు చేసే ఆ దేశం, ఇత్తడికి బదులు ఉక్కుతో చేసే మొనలకు కావలసిన ప్రత్యేకమైన ఉక్కును జపాన్, జర్మనీల నుంచి కొనేది. 2016లో ప్రధాని లీ కెకియాంగే బహిరంగంగా ఆ లోటును ఎత్తిచూపారు. తైయువాన్ ఉక్కు కంపెనీ ఆ ఉక్కును తామే చేశామని ప్రకటించింది 2017లో. గొట్టానికి మాత్రం ఎవరూ ఎవరి దగ్గరా చేయి చాచనక్కర్లేదు. కాబట్టి రీఫిల్‌ను పెన్ను ధరలో పదో వంతుకు అమ్మడం ఏ కంపెనీకీ సాధ్యం కాదు. దుకాణదారుకు రకరకాల రీఫిళ్ళు విడిగా నిల్వ పెట్టడం మరో బరువు. కొనేవాడు చూసేది రూపాయో రెండో తేడా. ఆ తేడా అతనితో ఒకటే చెబుతుంది: గొట్టానికి విలువ లేదు, పారేయి. ధర ఆ మాట నిజాయితీగానే చెబుతోంది, కాకపోతే సగమే చెబుతోంది. ఆ గొట్టాన్ని ఏరడానికీ మోయడానికీ పూడ్చడానికీ అయ్యే ఖర్చు పురపాలక సంఘం పద్దులో పడుతుంది గాని పెన్ను మీద ముద్రించిన ధరలో ఎక్కదు.

దీనికి ఎదురొచ్చే వాదనల్లో బలమైనది చదువుది. చవక పెన్ను లేకపోతే కూలి ఇళ్ళ పిల్లలు పలక దాటేవారా అని ఎవరైనా అడిగితే దాన్ని కొట్టిపారేయకూడదు. పాళీ పెన్ను ఖర్చుతో కూడినది, కింద పడితే పాళీ వంకరపోతుంది, సిరాబుడ్డి విడిగా కొనాలి, ఒలికితే పుస్తకం పోతుంది. డాట్ పెన్నుతో దస్తూరి చెడుతుందని మన బడులు చాలాకాలం అడ్డుపడ్డాయి. ఫ్రాన్స్ సైతం తన బడుల్లోకి బాల్ పెన్నును అనుమతించింది 1965లోనే. ఆ నిషేధాలు పోవడం న్యాయమే. నా అభిప్రాయంలో ఇరవయ్యో శతాబ్దపు ప్రజాస్వామిక వస్తువుల జాబితాలో బాల్ పెన్నుకు పై వరుసలో చోటివ్వాలి. కానీ పేద విద్యార్థికి చవగ్గా కావలసింది గీత. ప్రతి నూరు పేజీలకూ కొత్త గొట్టం అతను అడగలేదు. గట్టి గొట్టం ఒకసారి కొని ఏడాది పొడవునా రీఫిళ్ళు మార్చుకుంటే అతని ఖర్చు పెరగదు, రీఫిల్ దొరికితే కాస్త తగ్గుతుంది కూడా. చవకదనాన్నీ పారేయడాన్నీ విడదీయలేని జంటగా చూడటం వల్లే ఈ వాదన గట్టిగా కనిపిస్తుంది. జాటర్ రీఫిల్ ఆ జంటను ఎప్పుడో విడదీసి చూపింది.

పెన్నుల చెత్త ఎంతని అంత రాద్ధాంతం అన్నది రెండో వాదన. అంకెల్లో ఇది నిజం. చైనా చేసే 3,800 కోట్ల పెన్నులు ఒక్కోటి ఆరు గ్రాములనుకున్నా మొత్తం రెండు లక్షల ముప్ఫై వేల టన్నులకు మించదు. ప్రపంచం ఏటా తయారుచేసే ప్లాస్టిక్ 40 కోట్ల టన్నుల దరిదాపుల్లో ఉంది, అందులో పెన్నులది వెయ్యో వంతు కూడా కాదు. ప్యాకింగ్ కవర్ల ముందు పెన్ను నేరం ఆవగింజంత. అయినా నేను దీన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. పెన్నుతో నేర్చిన పాఠాన్ని బిక్ కంపెనీ 1973లో సిగరెట్ లైటరుకు, 1975లో గడ్డం గీసుకునే రేజరుకు అన్వయించింది. రెండింటిలోనూ అదే సూత్రం: అరిగే చిన్న భాగాన్ని అరగని పెద్ద భాగానికి అతికించు, రెండూ కలిసి పోతాయి. బ్యాటరీ తీయడానికి వీల్లేని నేటి ఇయర్‌ఫోన్లలో, కుచ్చు పాడైతే పిడితో సహా బుట్టలో పడే టూత్‌బ్రష్‌లో అదే సూత్రం పనిచేస్తోంది. పెన్నులో దాన్ని విప్పి చూపడం తేలిక, ఇయర్‌ఫోన్‌లో కష్టం.

కరిగించి మళ్ళీ వాడుకోవచ్చుగా అనేవాళ్ళూ ఉన్నారు. గొట్టం సాధారణంగా పాలీస్టైరీన్, మూతా లోపలి గొట్టమూ పాలీప్రొపిలీన్, మొన ఇత్తడి, గోళీ టంగ్‌స్టన్ కార్బైడ్, వీటన్నిటికీ పూసుకుని మిగిలిన సిరా. కలిపి కరిగిస్తే దేనికీ పనికిరాని ముద్ద వస్తుంది. విడదీయాలంటే ఒక్కో పెన్నుకు మనిషి చెయ్యి పడాలి. పాత సామాన్లు కొనేవాడు కిలోకు ఇన్ని రూపాయలని లెక్కేస్తాడు. కిలో కావడానికి నూట అరవైకి పైగా పెన్నులు పోగవ్వాలి, వాటిని విప్పే కూలి గిట్టదు. కేరళలో హరితకేరళం మిషన్ బడుల్లో వాడేసిన పెన్నులను పోగుచేసే పని పెట్టుకుంది, ఆ శ్రమ అభినందించదగ్గదే. అయితే అది నిలబడేది సర్కారు పూనికతో, పిల్లల ఉత్సాహంతో, అంతేగాని ఆ ముడిసరుకు ధరతో కాదు. 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించిన ఒకసారి వాడే ప్లాస్టిక్ జాబితాలో స్ట్రాలు, స్పూన్లు, చెవిపుల్లలు ఉన్నాయి, పెన్ను లేదు. తయారీదారు తన చెత్తకు తానే బాధ్యత వహించాలన్న నిబంధన ఉంది, అది ప్యాకింగ్ ప్లాస్టిక్‌కే పరిమితం. పెన్నును కూడా నిషేధించమని నేను అనను. స్ట్రాకు బదులు లేకుండా గడుస్తుంది, పెన్ను లేకుండా పరీక్ష రాయలేం.

చేయాల్సింది వెతుక్కోనక్కర్లేదు, మన ఇళ్ళలోనే ఉంది. బల్బు ఏ కంపెనీదైనా హోల్డర్‌లో ఒకేలా బిగుస్తుంది, అందుకే బల్బు కాలిపోతే ఎవరూ హోల్డర్ పీకి పారేయరు. ఫోన్ల చార్జింగ్ రంధ్రం అన్ని కంపెనీలకూ ఒకటే ఉండాలని ఐరోపా సమాఖ్య 2024 డిసెంబరు 28 నుంచి అమలుచేస్తోంది. రీఫిల్‌కు అలాంటి కొలత ఇప్పటికే కాగితం మీద ఉంది, జీ2 అన్న పేరుతో. ఒక్క కొలత రీఫిల్ అన్ని కొట్లలోనూ దొరికితే దుకాణదారుకు నిల్వ బరువు తగ్గుతుంది, కంపెనీల పోటీ మొన నాణ్యత మీదికి మళ్ళుతుంది. ఇందుకు కొత్త చట్టం కూడా అక్కర్లేదు. కార్యాలయాలకు, గురుకులాలకు, సంక్షేమ హాస్టళ్ళకు ప్రభుత్వాలు పెన్నులను టెండర్ల ద్వారా కొంటాయి, ఎవరు తక్కువకు ఇస్తే వాళ్ళకు. ఆ టెండరులో ఇప్పుడు అడిగేది పెన్ను ఒక్కింటి ధర. దాని బదులు పదివేల పేజీల రాతకు ఎంతవుతుందో, అందులో గొట్టాలు ఎన్నో, రీఫిళ్ళు ఎన్నో చెప్పమని అడిగితే, తక్కువ ధర చెప్పే కంపెనీ రీఫిళ్ళ పెట్టెతోనే రావాల్సి వస్తుంది.