ఇటాలియన్ క్రియ - మా నాయిన నాగలి

తెలుగును 'తూర్పు దేశపు ఇటాలియన్' అంటారు. రెండు భాషల్లోనూ మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి గనుక ఆ పేరు. కాని అసలు పోలిక క్రియలో ఉన్నదని, ఓ పాత పుస్తకం పట్టుకొని ఇటాలియన్ మొదలుపెట్టినాక నాకు తెలిసింది.

'అరారే' అంటే దున్నడం. చివరి 'ఆరే' తీసేసి ప్రత్యయం తగిలించాలి. ఆరో - దున్నుతాను. ఆరి - దున్నుతావు. ఆరా - దున్నుతాడు. అర్యామో - దున్నుతాము. అరాతే - మీరు దున్నుతారు. ఆరనో - వాళ్ళు దున్నుతారు. 'నేను', 'నువ్వు' అనకున్నా అర్థమైతది, అచ్చం మనలాగే. 'దున్నుతాడు', 'దున్నుతుంది' అనే భేదం మాత్రం వారికి లేదు, రెండింటికీ 'ఆరా'యే. పాడడానికి 'కాంతారే'. అదీ ఇదే దారి: కాంతో, కాంతి, కాంతా.

పటాన్‌చెరు దగ్గరి మా చేను ఫ్యాక్టరీకి పోయింది. నాయిన ఇప్పుడు గేటు కాడ వాచ్‌మన్. ఈ పాఠం చదివి వినిపిస్తే, "గడిచిన కాలానికి ఏమంటరు బిడ్డా?" అని అడిగిండు.

'అరవామో' - దున్నుతుండేవాళ్ళం. రెండుసార్లు పలికి ఊరుకున్నడు.

మిత్రులారా, పరభాషా వ్యాకరణమని జంకకండి. అందులో సగం మన ఇంట్లోనే ఉంది.