ఓడలో ఏ ప్రక్క నుండవలెను?

రైలుబండిలో కిటికీ ప్రక్క చోటు కొఱకు పిల్లలు తగవులాడుట అందఱు నెఱిగినదే. ఓడ యెక్కునప్పుడు ఈ తగవు పెద్దలకును వచ్చును. 2022 జూన్ నెలలో చెన్నపట్టణమునుండి విశాఖపట్టణమునకు విహారనౌక నడచెను. అట్టి ఓడలో గది కొనువారికి మొట్టమొదట కలుగు సందేహము "కుడి ప్రక్క గది మంచిదా, ఎడమ ప్రక్క గది మంచిదా" యనునది. ఎల్ల దారులకును ఎల్ల ఋతువులకును సరిపోవు జవాబు దీనికి లేదు. కాని జవాబును కనుగొను పద్ధతి యొకటి కలదు. భూగోళశాస్త్రమును ప్రకృతిశాస్త్రమును కొంచెము చదివిన యెనిమిదవ తరగతి విద్యార్థికి అది సాధ్యమే. ఆ పద్ధతిని ఇచ్చట వివరింప దలచితిమి. తుదను మన కృష్ణలో తిరుగు చిన్న పడవలను గూర్చి చెప్పెదము. అచ్చట ఈ ప్రశ్న సుఖమునకు గాక ప్రాణమునకే సంబంధించినది.

మొదట పేర్లు తెలిసికొందము. ఓడ ముందుకొనవైపు ముఖము పెట్టి నిలిచినవాని కుడిచేతి ప్రక్కను నావికులు స్టార్‌బోర్డు అందురు. ఎడమచేతి ప్రక్కను పోర్టు అందురు. మనము వెనుకకు తిరిగినను ఈ పేర్లు తిరుగవు. అందుచేతనే వారు వట్టి కుడియెడమలను నమ్ముకొనరు. పూర్వము ఉత్తర ఐరోపా ఓడలకు చుక్కాని వెనుక నడుమ గాక కుడి ప్రక్కన పెద్ద తెడ్డువలె నుండెడిది. ఓడను నడిపించు ప్రక్క యనియే స్టార్‌బోర్డు అను మాటకు అర్థము. ఆ తెడ్డు గట్టునకు తగిలి విఱుగకుండ ఎడమ ప్రక్కను రేవునకు చేర్చుచుండిరి. ఆ ఎడమ ప్రక్కకు లార్‌బోర్డు అని పేరుండెను గాని, గాలిహోరులో రెండు పేర్లును ఒక్కతీరుగా వినబడుటచే 1844లో ఆంగ్ల నౌకాదళమువారు దానిని మాని పోర్టు అను పేరునే ఖాయపఱచిరి. రాత్రివేళ ఓడకు ఎడమ ప్రక్కన ఎఱ్ఱ దీపమును, కుడి ప్రక్కన పచ్చ దీపమును వెలుగును.

ఇక పద్ధతి. పటముపై బయలుదేరు రేవునుండి చేరు రేవునకు ఒక గీత గీయవలెను. ఆ గీత ఏ దిక్కునకు పోవుచున్నదో చూచినయెడల ఓడ కుడి ప్రక్క ఏ దిక్కును చూచునో, ఎడమ ప్రక్క ఏ దిక్కును చూచునో తెలియును. పిదప సూర్యుడు, గాలి, తీరము అను మూడింటిని వరుసగా విచారింపవలెను.

చెన్నపట్టణమునుండి విశాఖపట్టణమునకు పోవు గీత ఉత్తరమునకు కొంచెము తూర్పుగా నుండును. కావున ఓడ కుడి ప్రక్క తూర్పును, కొంత దక్షిణమును చూచును. ఎడమ ప్రక్క పడమరను, కొంత ఉత్తరమును చూచును. ఉదయపుటెండ కుడి ప్రక్కకు, సాయంకాలపుటెండ ఎడమ ప్రక్కకు వచ్చును. డిసెంబరులో సూర్యుడు దక్షిణమున నడచును గనుక, లెక్క వేసి చూడగా మధ్యాహ్నము సుమారు ఒకటిన్నర గంటవఱకు ఎండ కుడి ప్రక్కనే యుండును. సూర్యోదయమును చూడ గోరువారికి కుడి ప్రక్కయు, అస్తమయమును చూడ గోరువారికి ఎడమ ప్రక్కయు తగును. తిరుగు ప్రయాణమున ఇదంతయు తాఱుమాఱగును.

ఇచ్చట మన విద్యార్థులు మఱచు విషయ మొకటి కలదు. మధ్యాహ్న సూర్యుడు ఎల్లప్పుడును దక్షిణముననే యుండునని పెక్కురు తలంతురు. మన కొండపల్లి అక్షాంశము సుమారు 16.6 డిగ్రీలు. సూర్యుడు ఉత్తరమునకు 23.4 డిగ్రీలవఱకు పోవును. కావున మే మొదటి వారమునను ఆగస్టు మొదటి వారమునను మధ్యాహ్న సూర్యుడు మనకు సరిగా నడినెత్తిన నుండును. ఆ రెండింటి నడుమ కాలమున నడినెత్తికి కొంచెము ఉత్తరముగా నుండును. జూన్ 21వ తేదీన బడి ఆవరణములో నిట్టనిలువుగా ఒక కఱ్ఱ పాతి చూచినవారికి మధ్యాహ్నపు నీడ దక్షిణమునకు పడుట కనబడును. ఇంగ్లండులో వ్రాసిన ప్రయాణ పుస్తకములలోని సూత్రములు మనకు అన్ని నెలలలోను పనికిరాకపోవుటకు ఇది యొక కారణము.

పూర్వము మనవారు వేలకొలదిగా సాగించిన సముద్రప్రయాణము కాకినాడ, విశాఖపట్టణము మొదలగు రేవులనుండి రంగూనునకు. బ్రిటిష్ ఇండియా స్టీం నావిగేషన్ కంపెనీ వారి ఓడలలో మన కూలీలు, రేవుపనివారు బర్మాకు పోయి వచ్చుచుండిరి. కోరంగి రేవు పేరునుబట్టియే అచ్చట తెలుగువారికి కోరంగీలను పేరు కలిగెను. ఆ దారి దాదాపు తిన్నగా తూర్పునకు పోవును. ఎడమ ప్రక్క ఉత్తరమును, కుడి ప్రక్క దక్షిణమును చూచును. చలికాలమున దినమంతయు ఎండ కుడి ప్రక్కన, నీడ ఎడమ ప్రక్కన. జూన్, జూలై నెలలలోనన్ననో సూర్యుడు ఉత్తరపు ప్రక్కకు వచ్చును. కాని నైరృతి ఋతుపవనము వానజల్లుతోను అలల తుంపరతోను కుడి ప్రక్కను కొట్టును. అప్పుడు సూర్యుడు ఒక మాట చెప్పును, గాలి వేఱొక మాట చెప్పును. మబ్బుపట్టిన దినములలో గాలి మాటనే వినవలెను. గాలికి చాటైన ఎడమ ప్రక్కయే మేలు. అయితే మన కూలీలలో పెక్కుమందికి ఏ ప్రక్కనైనను గదియే లేదు. వారు డెక్కుమీదనే కూర్చుండి, డెక్కుమీదనే నిద్రించి ప్రయాణము చేసిరి. ప్రక్కను కోరుకొను భాగ్యము సొమ్ము గలవారిదిగా నుండెను. మన తాతముత్తాతలలో ఎందఱో అట్లు ప్రయాణము చేసినవారే యని పిల్లలు తెలిసికొనవలెను.

సొమ్ము గలవారి మాట వచ్చినది గనుక ఒక కథను గూర్చి చెప్పవలసియున్నది. డాబుసరియైన దానిని ఇంగ్లీషున పోష్ అందురు. పీ అండ్ ఓ కంపెనీ ఓడలలో ఇంగ్లండునుండి హిందూదేశమునకు వచ్చునప్పుడు పోర్టు ప్రక్క, తిరిగి పోవునప్పుడు స్టార్‌బోర్డు ప్రక్క చల్లగా నుండెడివనియు, ఆ గదులు కొన్న ధనవంతుల చీటీలపై ఆ నాలుగు మాటల మొదటి అక్షరములు ముద్రించిరనియు, అందుండి ఈ మాట పుట్టెననియు కథ. ఎఱ్ఱసముద్రమున ఓడ ఆగ్నేయమునకు పోవును గనుక పోర్టు ప్రక్క ఈశాన్యమును చూచుటయు, మధ్యాహ్నము దాటిన పిమ్మటి తీవ్రమైన ఎండ దానికి తప్పుటయు నిజమే. కాని అట్టి ముద్రగల చీటి ఒక్కటియు ఎవరికిని దొరకలేదు. నిఘంటుకారులు ఈ కథను అంగీకరింపరు. లెక్క సరిపోయినంత మాత్రమున కథ నిజము కాజాలదు. ఇంపుగా నున్న ప్రతి కథకును "ఋజు వేది?" యని యడుగుట మన పిల్లలు నేర్చుకొనవలసిన మంచి యలవాటు.

తీరము సంగతి. చెన్నపట్టణమునుండి ఉత్తరమునకు పోవునప్పుడు నేల ఎడమ ప్రక్కన నుండును. అయినను ఎడమ గది కొన్నవారికి దివిసీమయు, కృష్ణ ముఖద్వారమునందలి మడ అడవులును కనబడునని ఆశింపరాదు. భూమి గుండ్రనిది గనుక చూపునకు హద్దు కలదు. కంటి ఎత్తును మీటర్లలో తీసికొని, దాని వర్గమూలమును 3.57 చే హెచ్చించినయెడల ఆ హద్దు కిలోమీటర్లలో వచ్చును. 25 మీటర్ల ఎత్తున నిలిచినవానికి హద్దు సుమారు 18 కిలోమీటర్లు. తీరమున 9 మీటర్ల చెట్టు ఉన్నయెడల దాని తలకు మఱి 11 కిలోమీటర్లు కలుపవచ్చును. ఓడ అంతకంటె దూరముగా పోయినచో మన పల్లపు డెల్టా తీరము నీటిక్రింద మునిగినట్లే యుండును. విశాఖపట్టణము అట్లు కాదు. అచ్చట కొండలు సముద్రపు టొడ్డుననే నిలిచియున్నవి. రేవు ప్రవేశించునప్పుడు డాల్ఫిన్స్ నోస్ కొండ ఎడమ ప్రక్కన కనబడును. వెడలునప్పుడు అదియే కుడి ప్రక్కకు వచ్చును.

కడుపులో త్రిప్పు గలవారికి ప్రక్కతో పనిలేదు. ఓడ అటునిటు ఒరుగునప్పుడు రెండు ప్రక్కలును సమానముగనే లేచి దిగును. ముందుకొన, వెనుకకొన యూగుటయే ఎక్కువ. తూగుడుబల్ల చివర కూర్చున్న బాలుడు ఎంత లేచునో, నడుమ కూర్చున్నవాడు అంత లేవడు గదా. కావున వృద్ధులకు, పసిపిల్లలకు ఓడ నడుమ, క్రింది అంతస్తున గది తీసికొనుట మేలు.

ఇక చిన్న పడవల మాట. రెండువేలమంది ప్రయాణికులు పెద్ద ఓడలో ఒక ప్రక్కకు చేరినను వారి బరువు, మనిషికి 60 కిలోల చొప్పున, 120 టన్నులు మాత్రమే. వేలకొలది టన్నుల ఓడకు అది స్వల్పము. నలువదిమంది ఎక్కిన పడవలో అట్లు కాదు. వారి బరువు 2.4 టన్నులు, అది పడవ బరువుతోనే పోటీపడును. పడవ ఒరిగినప్పుడు క్రుంగిన ప్రక్కన నీరు మఱింత గట్టిగా పైకి నెట్టి దానిని నిలబెట్టును. కాని జనులు లేచి నిలిచినయెడల బరువు పైకెక్కును. ఆ క్రుంగిన ప్రక్కకే పరుగెత్తినయెడల నీటి సాయము చాలదు. అమెరికాదేశమున చికాగో నదిలో 1915 జూలై 24వ తేదీన ఈస్ట్‌లాండ్ అను ఓడ, రేవుగట్టును విడువకమునుపే ఎడమ ప్రక్కకు ఒరిగి పడిపోగా 844 మంది చనిపోయిరి. పైబరువు ఎక్కువగుటయే అందులకు ముఖ్య కారణము. టైటానిక్ మునిగిన పిమ్మట రక్షణ కొఱకు చేర్చిన ప్రాణరక్షక పడవలు సైతము ఆ పైబరువును పెంచినవి!

మనకు అంత దూరము పోనక్కఱలేదు. 2017 నవంబరు 12వ తేదీ సాయంకాలమున, మన ప్రక్కనున్న ఇబ్రహీంపట్నము ఫెర్రీ దగ్గఱ, పవిత్రసంగమము చేరువను విహారపు పడవ తలక్రిందులై ఇరువదిమందికి పైగా మరణించిరి. ఆ పడవకు అనుమతి లేదు. ఆ దుఃఖమునకు కారణములు పెక్కు. అన్నింటిని ప్రయాణికులు సరిదిద్దజాలరు. కాని మన చేతిలో నున్నవి కొన్ని కలవు.

బాలబాలికలారా, ఇంటిలో ఒక పరీక్ష చేసి చూడుడు. అంచుగల చిన్న రేకుపళ్లెమును నీటితొట్టిలో తేలనిచ్చి, నలువది చింతగింజలను అంతటను సమముగా పఱవుడు. తరువాత ఐదేసి గింజలను ఒక అంచునకు జరుపుచు, ఎన్ని జరిపినప్పుడు అంచు నీటికి ఎంత దిగునో వ్రాసికొనుడు. పిమ్మట గింజలను మరల సమముగా పఱచి, మన బొమ్మలు చేయు పొణికి చెక్క ముక్కను నడుమ నిలువుగా నిలిపి, దాని తలపై చిన్న రాయి పెట్టి, పళ్లెమును మెల్లగా తట్టి చూడుడు. ఎత్తున నున్న బరువు ఏమి చేయునో మాటలకంటె ఆ పళ్లెమే బాగుగా బోధించును.

బెజవాడనుండి నదికి ఎదురుగా పడవలో వచ్చునప్పుడు మన కొండపల్లి కొండలు కుడి ప్రక్కన కనబడును. "అదిగో కొండ!" యని ఎవరో కేకవేయగనే అందఱును ఆ ప్రక్కకు లేచుట సహజము. అప్పుడు మెడను త్రిప్పుడు, కాలు కదపకుడు. ఎక్కుటకు ముందే పడవకు అనుమతి యున్నదా, ఎందఱిని ఎక్కింపవచ్చును అని అడుగుడు. లైఫ్ జాకెట్టు తొడుగక కూర్చుండకుడు. రెండు ప్రక్కలను సమముగా పంచుకొని కూర్చుండుడు. నీడ గల చోటును అవ్వకు, చంటిబిడ్డ తల్లికి ఇయ్యుడు. జనులు మించి యెక్కినచో దిగిపోవుదమని తల్లిదండ్రులతో వినయముగా చెప్పుడు. తల్లిదండ్రులారా, బిడ్డ అట్లు చెప్పినప్పుడు సిగ్గుపడక వినుడు. చీటి సొమ్ము పోయిన మరల సంపాదింపవచ్చును.