ఊరి సమాజము – పద్యనాటకము

అనకాపల్లి జిల్లాలోని ఎలమంచిలి వంటి యూరిలో నొక నాటక సమాజమువారు ‘శ్రీకృష్ణ రాయబారము’ ప్రదర్శింపదలచిరనుకొందము. వారిలో నొకరు ఉపాధ్యాయులు, ఒకరు వర్తకులు, మరియొకరు ప్రతిదినము విశాఖ ఉక్కు కర్మాగారమునకు పోయి వచ్చువారు. నాటకము వారికి జీవనోపాధి కాదు. అయినను పని ముగిసిన పిదప హార్మోనియము చుట్టును చేరి పద్యములు వల్లింతురు. ఇట్టి ప్రదర్శనము రక్తి కట్టుటకు ఏమి కావలెనో శ్రోతలకు విన్నవింపదలచితిమి.

తెలుగున ఆధునిక నాటక ప్రదర్శనమునకు 1880లో రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు దారితీసిరి. బళ్లారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు (1853–1912) సంభాషణల నడుమ పద్యములను, పాటలను చేర్చి రంగస్థలమున సంగీతమునకు చోటు కల్పించిరి. పిమ్మట తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయములు పల్లెపల్లెకును ప్రాకినవి. అక్షరము లెరుగనివారు సైతము అందలి పద్యములను కంఠస్థము చేసిరి.

‘కన్యాశుల్కము’ రచించిన గురజాడ అప్పారావుగారు 1862లో ఎలమంచిలికి చేరువనున్న రాయవరమున జన్మించిరి. వారిది వాడుకభాషలోని వచన నాటకము. మేము చెప్పుచున్నది పద్యనాటకము. అయినను రెంటికిని ధర్మమొక్కటే. మాట ప్రేక్షకునికి అందవలెను.

పద్యనాటకమున పద్యమే సంభాషణము. కృష్ణుడు కౌరవసభకు వచ్చినది పాడుటకు కాదు, సంధి కుదుర్చుటకు. అయిదూళ్లిచ్చినను చాలునను ఆ వాదమంతయు పద్యపాదములలో ఇమిడియున్నది. నటుడు పాదము నడుమ రాగము తీయుచు పోయినచో, క్రియ వచ్చుసరికి కర్తను శ్రోత మరచిపోవును. కావున మొదట పద్యమును వచనమువలె చదివి, అన్వయము గ్రహించి, విరుపులు నిర్ణయించుకొని, ఆ పిదప రాగము కూర్చుకొనుట మేలు. ఆలాపనకు పద్యాంతమున కావలసినంత తావు కలదు.

శ్రుతి విషయమున మరింత జాగ్రత్త వలయును. మైకులు లేని దినములలో చివరి వరుసకు వినబడుటకై నటులు హెచ్చు శ్రుతిలో పాడిరి. నేడు ఆ యవసరము లేదు. తన కంఠమునకు మించిన శ్రుతి పట్టినవాని గొంతు నాటకము సగము కాకమునుపే బొంగురుపోవును. హార్మోనియము వాయించువారు సయితము నటుని వెంట నడువవలెను గాని ముందు పరుగిడరాదు.

పూర్వము కాంట్రాక్టు నాటకములలో పేరొందిన గాయకులను రప్పించి, ఒక్క రాత్రిలో ఇద్దరు ముగ్గురు కృష్ణులను చూపుచుండిరి. ‘వన్స్‌మోర్’ కేకలతో పద్యము మరల మరల సాగెడిది, కథ నిలిచిపోయెడిది. ఊరి సమాజమునకు అంతటి ధనబలము లేదు. అదియే దానికి మేలు. మొదటినుండి తుదివరకు ఒకే కృష్ణుడు. అందరును కలసి అభ్యసించినవారు. కనుక కథ చెప్పు భాగ్యము వారికే ఎక్కువ.

1948లో విజయవాడయందును, 1963లో విశాఖపట్టణమందును ఆకాశవాణి కేంద్రములు వెలసినవి. రేడియోలో కిరీటము కనబడదు, తెర కనబడదు. పలుకుబడియే పాత్రను నిలుపవలెను. రేడియోలో పద్యనాటకము విన్నవారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

పద్యము నేర్చు పిల్లలు లేకున్న ఈ కళ ఒక తరముతో ఆగిపోవును. మీ యూర నాటకము వేసిననాడు పిల్లలను వెంటబెట్టుకొని పొండు, తుదివరకు కూర్చుండుడు. వారికి తెలియని పద్యమును ఇంటికి వచ్చి విప్పి చెప్పుడు. సమాజమువారికి చప్పట్లకంటె ఇదియే ఎక్కువ సాయము.