ఇంటి పన్ను రాయితీ.. తెలిసినవారికే దక్కుతోంది!

పురపాలక సంఘాల్లో ఇంటి పన్నుపై రాయితీలు లేకపోలేదు. ఏప్రిల్‌లోనే ఏడాది పన్ను చెల్లించేవారికి తగ్గింపు ఉంది. చిన్న ఇంటికి నామమాత్రపు పన్ను ఉంది. ఖాళీగా ఉన్న ఇంటికి ఊరట ఉంది. లెక్క తప్పిందని భావిస్తే అభ్యంతరం చెప్పుకొనే హక్కూ ఉంది. అయితే వీటిలో అధికభాగం అడిగినవారికే దక్కుతాయి. పన్ను గుంజుకునే గడువులు మాత్రం ఎవరూ అడగకుండానే వచ్చిపడతాయి. ఫలితంగా ఊరట అత్యవసరమైన వృద్ధులు, వితంతువులు, బతుకుతెరువుకు వలస వెళ్లిన కుటుంబాలవారే వడ్డీ భారం మోస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌ పట్టణాల్లో ఈ లెక్కలు ఎలా నడుస్తాయో ఇంటి యజమానులు తెలుసుకోవడం అవసరం.

ఏప్రిల్‌కు, మార్చికి తేడా రూ.408

ఆస్తి పన్నును ఏడాదికి రెండు అర్ధ సంవత్సరాలుగా విభజిస్తారు. మొదటి అర్ధ సంవత్సరపు పన్నును జూన్‌ 30లోగా, రెండో దానిని డిసెంబరు 31లోగా చెల్లించాలి. గడువు దాటితే నెలకు 2 శాతం చొప్పున సాధారణ వడ్డీ పడుతుంది. అంటే ఏడాదికి 24 శాతం. మన పల్లెల్లో వాడుకలో ఉన్న నూటికి రెండు రూపాయల వడ్డీ ఇదే. మరోవైపు ఏడాది పన్ను మొత్తాన్ని ఏప్రిల్‌ 30లోగా ఒకేసారి చెల్లించేవారికి 5 శాతం రాయితీ ఇస్తున్నారు.

ఒక ఇంటికి ఏడాదికి రూ.2,400 పన్ను ఉందనుకుందాం. ఏప్రిల్‌లో చెల్లిస్తే రూ.120 తగ్గి రూ.2,280 సరిపోతుంది. అదే పన్నును మరుసటి మార్చి వరకు ఆపితే, మొదటి రూ.1,200పై తొమ్మిది నెలలకు రూ.216, రెండో రూ.1,200పై మూడు నెలలకు రూ.72.. వెరసి రూ.288 వడ్డీ అవుతుంది. ఇద్దరు ఇరుగుపొరుగువారి ఇళ్లు ఒకే తీరువైనా, ఒకరు ఏప్రిల్‌లోను, మరొకరు మార్చిలోను చెల్లిస్తే తేడా రూ.408. పన్నులో ఇది 17 శాతం.

మూడేళ్లపాటు చెల్లించకపోతే పన్ను రూ.7,200కు చేరుతుంది. పన్ను పెరగలేదనుకున్నా, దానిపై వడ్డీయే రూ.2,592 అవుతుంది. కూలి డబ్బుతో ఇల్లు గడుపుకొనే కుటుంబానికి ఇది చిన్న మొత్తం కాదు.

2021 నుంచి మారిన లెక్క

గతంలో ఇంటికి వచ్చే అద్దెను అంచనా వేసి, దాని ఆధారంగా పన్ను నిర్ణయించేవారు. రాష్ట్ర ప్రభుత్వం 2020 నవంబరులో చట్టాన్ని సవరించి, 2021 ఏప్రిల్‌ 1 నుంచి మూలధన విలువ ఆధారిత విధానాన్ని తీసుకొచ్చింది. స్థలం రిజిస్ట్రేషన్‌ విలువ, కట్టడం విలువ కలిపి లెక్కగట్టి, నివాస గృహాలకు అందులో 0.10 నుంచి 0.50 శాతం వరకు, నివాసేతర భవనాలకు 0.20 నుంచి 2 శాతం వరకు పన్ను విధించుకునే వెసులుబాటు స్థానిక సంస్థలకు కల్పించారు.

దీని వెనుక కేంద్రం షరతు ఉంది. కొవిడ్‌ కాలంలో రాష్ట్రాలు అదనంగా అప్పు తెచ్చుకోవాలంటే పట్టణ సంస్కరణలు అమలు చేయాలని, ఆస్తి పన్నును భూముల మార్కెట్‌ విలువతో ముడిపెట్టాలని కేంద్రం నిర్దేశించింది. 2021 జనవరిలో ఈ సంస్కరణలు పూర్తిచేసిన తొలి రాష్ట్రాలుగా ఆంధ్రప్రదేశ్‌, మధ్యప్రదేశ్‌ నిలిచాయి. ఆంధ్రప్రదేశ్‌కు రూ.2,525 కోట్ల అదనపు రుణానికి అనుమతి లభించింది. పట్టణాలకు నిధులు రావాలంటే ఆస్తి పన్ను వసూళ్లు ఏటా పెరగాలని 15వ ఆర్థిక సంఘం సైతం మెలిక పెట్టింది. మార్చి రాగానే వసూళ్ల హడావుడి పెరగడానికి ఇదొక కారణం.

ఒక్కసారిగా భారం పడకుండా పాత పన్నుపై పెంపు ఏడాదికి 15 శాతం మించరాదని నాటి ఉత్తర్వుల్లో పరిమితి పెట్టారు. 15 శాతం అంటే తక్కువేమీ కాదు. రూ.2,400 పన్ను ఏటా ఆ మేరకు పెరిగితే రూ.2,760, రూ.3,174, రూ.3,650గా మూడేళ్లలోనే సగానికి పైగా హెచ్చుతుంది. ఇంటికి కొత్తగా అంతస్తు వేస్తే, ఆ అదనపు నిర్మాణానికి పన్ను వేరుగా కలుస్తుంది.

ఎవరికి ఏ ఊరట?

యజమాని స్వయంగా నివసించే ఇల్లు 375 చదరపు అడుగులు, అంతకన్నా తక్కువ ఉంటే ఏడాదికి రూ.50 పన్నుగా అవే ఉత్తర్వుల్లో నిర్ణయించారు. ఇటువంటి ఇంటికి అధికంగా పన్ను వస్తే, ముందుగా డిమాండ్‌ నోటీసులో విస్తీర్ణం ఎంత నమోదైందో పరిశీలించాలి. కొలత తప్పుగా పడితే రాయితీ దక్కదు.

ఇల్లు అద్దెకు ఇవ్వకుండా, ఎవరూ నివసించకుండా ఖాళీగా ఉంటే, పన్నులో సగం వరకు తగ్గింపు కోరే అవకాశం పురపాలక చట్టంలో ఉంది. అయితే ఇల్లు ఖాళీగా ఉన్న సంగతిని కమిషనర్‌కు రాతపూర్వకంగా తెలియజేయాలి. హైదరాబాద్‌కో, గల్ఫ్‌కో వెళ్లి, నాలుగేళ్ల తర్వాత వచ్చి అడిగితే ప్రయోజనం ఉండదు.

పన్ను విధింపుపై అభ్యంతరం ఉన్నవారు నోటీసులో పేర్కొన్న గడువులోగా కమిషనర్‌కు రివిజన్‌ పిటిషన్‌ ఇవ్వవచ్చు. నోటీసు అందిన తేదీని దానిపైనే రాసుకోవడం మంచిది. గ్రామ పంచాయతీల విషయానికి వస్తే, సైనిక దళాల్లో పనిచేస్తున్నవారి ఇంటికి ఆస్తి పన్ను మినహాయిస్తున్నట్లు 2025 మేలో ఉప ముఖ్యమంత్రి పవన్‌ కల్యాణ్‌ ప్రకటించారు.

తాత పేరునే ఇల్లు

తండ్రి, తాత మరణించి ఏళ్లు గడిచినా, పన్ను రికార్డుల్లో వారి పేర్లే కొనసాగుతున్న ఇళ్లు ఏ వార్డులోనైనా కనిపిస్తాయి. నోటీసు ఎవరి పేరున వచ్చిందో వారు లేరు. ఉన్నవారు అన్నదమ్ముల వాటా తేలలేదని చెల్లించరు. వడ్డీ మాత్రం ఆగదు. మరణ ధ్రువపత్రం, వారసత్వ ధ్రువపత్రం, ఇంటి దస్తావేజు నకళ్లతో దరఖాస్తు చేసుకుంటే రికార్డుల్లో పేరు మార్పిడి జరుగుతుంది. అంతవరకు పాత అసెస్‌మెంట్‌ నంబరుపైనే పన్ను చెల్లించి రసీదు పొందవచ్చు. పన్ను రసీదుతోనో, పేరు మార్పిడితోనో యాజమాన్య హక్కు సంక్రమించదని న్యాయస్థానాలు పలుమార్లు స్పష్టం చేశాయి. కాబట్టి ఒక సోదరుడు పన్ను చెల్లించినంత మాత్రాన మిగిలినవారి వాటా పోతుందన్న భయం అక్కర్లేదు.

మాఫీ కోసం ఎదురుచూపులు

2020 నవంబరులో దీపావళి వేళ తెలంగాణ ప్రభుత్వం హైదరాబాద్‌లో రూ.15,000 లోపు, ఇతర పట్టణాల్లో రూ.10,000 లోపు ఆస్తి పన్ను చెల్లించే గృహ యజమానులకు ఆ ఏడాది పన్నులో 50 శాతం రాయితీ ప్రకటించింది. 31.40 లక్షల కుటుంబాలకు రూ.326.48 కోట్ల మేలు జరుగుతుందని అప్పట్లో వెల్లడించింది. ఇది పన్నుపైనే ఇచ్చిన రాయితీ గనుక సకాలంలో చెల్లించినవారూ లబ్ధి పొందారు.

వడ్డీ మాఫీ సంగతి వేరు. 2025 మార్చిలో హైదరాబాద్‌లో బకాయిల వడ్డీపై 90 శాతం మాఫీ అమలైంది. ఆంధ్రప్రదేశ్‌లో అదే నెల చివరి వారంలో 50 శాతం వడ్డీ మాఫీకి ఉత్తర్వులు వెలువడ్డాయి. మూడేళ్ల బకాయి ఉన్న మన ఉదాహరణలోని ఇంటికి దీనివల్ల రూ.1,296 తగ్గుతుంది. అప్పటికీ మరో రూ.1,296 వడ్డీ చెల్లించాల్సిందే. పైగా బకాయి ఒకేసారి చెల్లించాలి. ఆర్థిక సంవత్సరం ముగిసే వారంలో ఉత్తర్వు వస్తే, కూలి కుటుంబం అంత సొమ్ము ఎక్కడి నుంచి తేగలదు? సొమ్ము సిద్ధంగా ఉండీ ఆపినవారికి మాఫీ వరమైంది. లేక ఆగినవారికి అందకుండా పోయింది. గడువులోగా చెల్లించినవారికి ఒరిగిందేమీ లేదు.

గడప వద్దకే సమాచారం చేరాలి

మార్చిలో మైకులతో బకాయిలు చెల్లించాలని చాటించే పురపాలక సంఘాలు, ఏప్రిల్‌ మొదటి వారంలో 5 శాతం రాయితీ గురించి అదే మైకులతో చాటించవచ్చు. 2019 అక్టోబరు నుంచి రాష్ట్రంలో వార్డు సచివాలయాలు పనిచేస్తున్నాయి. విస్తీర్ణం సవరణ, పేరు మార్పిడి, ఖాళీ ఇంటి తగ్గింపు దరఖాస్తులకు వాటిలో నెలకో రోజు శిబిరం నిర్వహిస్తే అదనపు ఖర్చు నామమాత్రమే. డిమాండ్‌ నోటీసు వెనుక రాయితీల వివరాలు తెలుగులో ముద్రించడం ఇంకా సులువు.

ఇంటి యజమానులు సైతం మూడు అంశాలు సరిచూసుకోవాలి. నోటీసులో పేరు, విస్తీర్ణం, వినియోగం.. అంటే నివాసమా, దుకాణమా అన్నది. వీటిలో ఏది తప్పినా రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, అందినట్లు రసీదు తీసుకోవాలి. చెల్లింపు రసీదులను దస్తావేజులతో పాటు భద్రపరచాలి. వచ్చే ఏప్రిల్‌లో రాయితీ గడువు ఎప్పటి వరకో మార్చిలోనే వార్డు సచివాలయంలో విచారించుకుంటే, మరుసటి ఏడాది మాఫీ కోసం ఎదురుచూడాల్సిన అగత్యం తప్పుతుంది.