సైరనే గడియారం, క్వార్టరే పుట్టిల్లు

గోదావరిఖని: బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్లలో పుట్టి పెరిగిన పిల్లలకు గోడ గడియారం అవసరం ఉండేది కాదు. బాయి మీది సైరనే వారికి గడియారం. మొదటి షిఫ్టు సైరన్ కూస్తే బడికి తయారు కావాలి. మధ్యాహ్నం కూస్తే నాన్న ఇంటికి వచ్చే వేళ. తండ్రి నైట్ షిఫ్టు చేసి వచ్చి పడుకుంటే ఇంట్లో పగలంతా గుసగుసలే, ఆటలన్నీ వీధి చివరే.

1889లో ఇల్లందులో మొదలైన బొగ్గు తవ్వకం క్రమంగా గోదావరి తీరానికి చేరింది. పల్లెలు విడిచి వచ్చిన కార్మికుల్లో పలువురికి సింగరేణి క్వార్టర్లు దక్కాయి. చిన్న గదులు, ముందు ఓ వేపచెట్టు, వీధిలో నల్లా. సాయంత్రమైతే బొగ్గు పొయ్యిల పొగ వాడంతా కమ్మేది. నల్లా దగ్గర బిందెల వరుసలోనే పిల్లలకు తెలంగాణ యాస, కోస్తా యాస, హిందీ కలిసి అబ్బేవి.

భయమూ ఉండేది. షిఫ్టు విడిచే వేళ దాటినా మనిషి రాకపోతే తల్లి వాకిట్లోకి వచ్చేది. ఆమె ముఖం చూసి పిల్లలు ఆట ఆపేవారు. బాయిలో కప్పు కూలిందన్న కబురు ఏ ఇంటికి వచ్చినా ఆ పూట వాడలో పొయ్యి వెలిగేది కాదు.

ఇంతా చేసి ఆ ఇల్లు సొంతం కాదు. తండ్రి రిటైరైతే తాళం అప్పగించాల్సిందే. బతుకమ్మకు పుట్టింటికి వచ్చే ఆడబిడ్డలకు ఆ సంగతి అప్పుడే తెలిసివచ్చేది. నేడు ఆ వీధికి వెళ్లినా తలుపు తట్టలేరు. చిన్ననాడు నీళ్లు పోసి పెంచిన చెట్టు నీడన కాసేపు నిలబడి, తిరిగి వెళుతుంటారు.