జైలు నుంచి వచ్చాక

మన ముసునూరు తోటల్లో మామిడికాయ కోతకు మనుషులు కావాలి. జైలు శిక్ష ముగించుకుని ఒకతను ఊరికి వచ్చాడనుకోండి. అతన్ని పనికి పిలుస్తారా? "జైలుకెళ్ళినోడు మారతాడా?" అంటారు కొందరు.

మారడానికి జైల్లోనే దారి చూపాలి. అందుకే అక్కడ పని నేర్పుతారు. రాజమండ్రి సెంట్రల్ జైల్లో వడ్రంగం, నేత పనులు ఉన్నాయి. అనంతపురం దగ్గర ఆరుబయలు జైలు ఉంది. మంచి నడవడి ఉన్న ఖైదీలు అక్కడ వ్యవసాయం చేస్తారు. ఖైదీ పనికి న్యాయమైన కూలి ఇవ్వాలని 1998లో సుప్రీంకోర్టు చెప్పింది.

చదువు కూడా నేర్పుతారు. తెలంగాణ జైళ్ళలో 'విద్యాదానం' నడిచింది. చదువొచ్చిన ఖైదీ చదువురాని ఖైదీకి అక్షరాలు దిద్దించాడు. వేలిముద్ర వేసి లోపలికి వచ్చిన మనిషి, సంతకం పెట్టి బయటికి పోవాలి. అదీ దాని ఆశయం. మొదటిసారి సంతకం పెట్టిన రోజు మీకెలా అనిపించింది? వాళ్ళకూ అంతే.

మరి ఇది చాలా? చాలదు. నేర్చిన పనికి బయట చోటు దొరకాలి. దొరక్కపోతే ఇల్లు గడవదు. భార్యాబిడ్డలు పస్తులుంటారు. మనిషి మళ్ళీ పాత దారి పట్టొచ్చు. తెలంగాణ జైళ్ళ శాఖ తన పెట్రోలు బంకుల్లో విడుదలైన వాళ్ళకు కూడా పని ఇచ్చింది. మన ఊళ్ళో అలాంటి బంకు లేదు. పని ఇవ్వాల్సింది మనమే.

భయం ఉంటుంది, నిజమే. ముందు నలుగురితో కలిసి చేసే పని ఇవ్వండి. తీరు చూడండి. కోర్టు వేసిన శిక్ష అయిపోయింది. ఊరు ఇంకో శిక్ష వెయ్యాలా? ఆలోచించండి.